చెప్పించిన చెప్పులు

జూన్ 3, సోమవారం

ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో నా నోటికి కర్ఫ్యూ. నిన్న అల్లుడి స్నేహితుడు భోజనానికి వచ్చాడు. కొత్తగా పెంచిన అతని మీసం గురించి నేను ఒకే ఒక్క మాట అన్నాను. అరిగిపోయిన టూత్ బ్రష్షు పారెయ్యడం మర్చిపోయి మూతికి అతికించుకున్నట్టుంది అన్నాను. అతను నవ్వాడు కూడా. అమ్మాయి మాత్రం వంటింట్లోకి లాక్కెళ్లి, "అమ్మా, అనాలనిపించిందల్లా అనకు. అంత ఆగకపోతే ఎక్కడైనా రాసుకో," అంది.

రాసుకుంటున్నాను. పత్రికాఫీసులో ప్రూఫులు దిద్దినన్నాళ్లు ఊళ్లోవాళ్ల తప్పులకి ఎర్రసిరా పూసి జీతం తీసుకున్నాను. ఇప్పుడు అదే పని ఉచితంగా చేస్తుంటే నోటిదురుసు అంటున్నారు.

జూన్ 5, బుధవారం

మేడ మీద వదినతో మధ్యాహ్నమంతా గడిచింది. వరసకి ఆవిడ నాకేమీ కాదు. ఒకే మెట్లు ఇన్నేళ్లు ఎక్కీ దిగీ వదినలమైపోయాం. కుట్టుమిషను మీద ఏదో అంచు కుడుతూనే ఫోను చూడగలదు. నేను ఫోను చూస్తూ ఇంకేమీ చెయ్యలేను. అందుకని ఆవిడ కుడుతుంది, నేను వేలితో వీడియోలు తోస్తాను. కొన్నాళ్లుగా మాకిదో ఆట. కిరాయా, సొంతమా? డబ్బు తీసుకుని పొగుడుతున్నారా, కడుపులోంచి వచ్చి పొగుడుతున్నారా?

ఇవాళ ఒకావిడ దిండు గురించి కన్నీళ్లు పెట్టుకుంది.

"కిరాయి," అన్నాను.

"ఎలా చెప్పావు? పాపం, ఏడుస్తుంటేనూ."

"దిండుని ఇంటిపేరుతో సహా పిలుస్తోంది విను. సొంత దిండుని ఎవరైనా ఇంటిపేరుతో పిలుస్తారా? 'నా దిండెక్కడ తగలడింది' అంటారు."

వదిన కుట్టు ఆపి కళ్లజోడు సర్దుకుంది. పాఠం సాగించాను. "రెండోది, వంక. నిజంగా వాడినవాళ్లు ఒక్క వంకైనా పెడతారు. మీ ఆయనంటే నీకెంత ప్రాణమో నాకు తెలుసు. ఆయన గురించి వంక లేకుండా రెండు వాక్యాలు చెప్పు చూద్దాం."

వదిన చాలాసేపు ఆలోచించింది. "ఒకటి చెప్పగలను."

"చెప్పు."

"నిద్రపోతున్నారు."

ఇద్దరం నవ్వుతుంటే లోపలిగదిలో గురక ఆగింది. మళ్లీ మొదలయ్యేదాకా నోళ్లు మూసుకుని కూర్చున్నాం.

"అన్నిటికంటే పెద్ద గుర్తు ఇంకోటుంది," అన్నాను. "అది మన భాషలోనే దొరుకుతుంది. 'మా ఆయన నడుము నొప్పి తగ్గింది' అన్నదనుకో, తన ఇంటి సంగతి చెప్తోంది. ఇదేమంటోంది? 'మన నడుముకి మంచిది' అంటోంది. ఆవిడ నడుమూ నా నడుమూ ఎప్పుడు కలిశాయే? ఉమ్మడి ఆస్తా? 'మా' అన్నవాడు వాడి ఇంట్లో ఉన్నాడు. 'మన' అన్నవాడు నీ ఇంట్లోకి దూరుతున్నాడు."

"అమ్మో, నీతో వేగడం కష్టం," అంది వదిన. కానీ ఆ తర్వాత వచ్చిన షాంపూ కుర్రాడు "మన జుట్టు" అనగానే నాకంటే ముందు ఆవిడే, "కిరాయి!" అని కేకేసింది. ఆ కేకకి గురక మళ్లీ ఆగింది.

కిందికి వచ్చి ఈ ఆట పిడుగుకి చెప్పాను. పిడుగంటే అమ్మాయి కూతురు. నిక్షేపంలాంటి ఉద్యోగం వదిలేసి ఫోను ముందు కూర్చుంది. వీడియోలే ఉద్యోగమట. "డబ్బు లేకుండా పెట్టేదాన్ని ఆర్గానిక్ పోస్ట్ అంటారు అమ్మమ్మా," అంది.

"అంటే పురుగుమందు కొట్టకుండా పండించిందా?"

"దాదాపు అంతే."

"మరి అందుకే కాబోలు పుచ్చులు కనిపిస్తాయి."

జూన్ 9, ఆదివారం

పిడుగు నాకోసం చెప్పులు తెప్పించింది. అట్టపెట్టె నిండా రంగుకాగితాలు, ఆ కాగితాల మధ్యలో చెప్పులు పసిపిల్లల్లా పడుకుని ఉన్నాయి. బిల్లు కనిపించలేదు. మనవరాలు అమ్మమ్మకి కానుక ఇస్తూ బిల్లు ఎందుకు పెడుతుంది?

వేసుకున్నాను. ఏం చెప్పను! మడమలు పగిలి, కీళ్లు పట్టేసి, ఇన్నేళ్లుగా నేలతో నాకున్న తగువు ఒక్కసారిగా తీరిపోయింది. అరికాలి కింద ఎవరో క్షమాపణ అడుగుతున్నట్టుంది. ఇల్లంతా తిరిగాను. పని లేకపోయినా తిరిగాను. స్నానాలగదిలో మాత్రం సర్రుమని జారాయి. తువ్వాలు వేసుకునే కడ్డీ పట్టుకుని ఆగాను కాబట్టి ఈ రాత.

పిడుగు ఫోను పట్టుకుని వెనకే వచ్చింది. "ఎలా ఉన్నాయో చెప్పు అమ్మమ్మా." చెప్పాను. మెత్తదనం చెప్పాను, క్షమాపణ సంగతి చెప్పాను, తడినేల మీద జారతాయి జాగ్రత్త అని కూడా చెప్పాను. "వెలుతురు సరిగ్గా పడలేదు, మళ్లీ చెప్పవూ," అంది. మళ్లీ చెప్పాను. రెండోసారి ఇంకా బాగా వచ్చింది. "ఇంకొక్కసారి. ఈసారి 'నా కాళ్లకి' అనకుండా 'మన కాళ్లకి' అను."

"నా కాళ్లు మనవెలా అవుతాయే? వ్యాకరణం ఒప్పుకోదు."

"అమ్మమ్మా, ప్లీజ్. అలా అంటే ఆత్మీయంగా ఉంటుంది."

పిల్ల సరదాపడింది కదా అని అన్నాను. ఒక్కసారి అంటే నోరు పడిపోదు కదా.

జూన్ 10, సోమవారం

వీడియో పెట్టేసిందట. చూశాను. జుట్టు బాగా పడింది. తడినేల వాక్యం లేదు. పొడవైపోయిందని తీసేశానంది. పత్రికలోనూ చోటు చాలకపోతే ఆఖరి వాక్యమే ఎగిరిపోయేది. మామూలే.

జూన్ 11

ఎంతమంది చూశారో నేను చూడలేదు.

జూన్ 12

నిన్నటికి రెట్టింపట. నేను అడగలేదు, పిడుగే చెప్పింది.

అద్దంలో ఎడమవైపు కంటే కుడివైపు బాగుంటాను.

జూన్ 15, శనివారం

మందుల షాపతను నన్ను చూసి, "చెప్పుల మామ్మగారూ!" అన్నాడు. షాపులో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. ఇదేం పిలుపని మందలించాను. ఇంటికొచ్చాక కాసేపు కోపంగానే ఉన్నాను. మందులు తీసుకోవడం మర్చిపోయానని సాయంత్రం మళ్లీ ఆ షాపుకే వెళ్లాను.

వీడియో కింద ఎవడో రాశాడు: "పెయిడ్. మామ్మకి బాగానే ముట్టి ఉంటుంది." ఒళ్లు మండింది. ఒక్క వేలితో కొట్టుకుంటూ కొట్టుకుంటూ జవాబు రాశాను. "నాయనా, నా నోట్లోంచి వచ్చింది నా మాటే. నన్ను కొనేవాడు ఇంకా పుట్టలేదు. అక్షరదోషాలు సరిచూసుకుని మరోసారి రా." నాకూ వాడికీ మధ్య ఇంకా నడిచేదే గానీ, పిడుగు వచ్చి ఫోను లాక్కుంది. "వద్దమ్మమ్మా, జవాబులివ్వకు, ప్లీజ్." పిల్ల మొహం పాలిపోయింది. నన్నెవరైనా ఒక్క మాటంటే తట్టుకోలేదు, పిచ్చిది.

జూన్ 18, మంగళవారం

వదిన కూడా అవే చెప్పులు తెప్పించుకుంది. కోడలి చేత ఫోన్లో ఆర్డరు పెట్టించిందట. వంకాయరంగువి. కుర్చీలో కూర్చుని కాళ్లు రెండూ చాపి చూపించింది.

"ఇంకెవరైనా చెబితే వంద ప్రశ్నలు అడిగేదాన్ని. నువ్వు చెప్పాక ఆలోచించేదేముంది?" అంది.

ఆ తర్వాత ఏదో కొలతల గొడవ వచ్చింది. నడుము చుట్టుకొలత తప్పు చెప్పి, బట్ట బిగుతైందని దెబ్బలాడిన ఓ మహాతల్లి కథ. నవ్వీ నవ్వీ లేచి వచ్చేశాను. మెట్లు దిగుతుంటే తడినేల సంగతి గుర్తొచ్చింది. వీడియోలో చెప్పేశాను కదా అనుకున్నాను. తీసేశారు కదా అని కింది మెట్టు మీద గుర్తొచ్చింది. మోకాలు మళ్లీ ఎక్కనంది.

రేపు చెప్తాను.

జూన్ 20

వదినకి చెప్పాలి.

జూన్ 22, శనివారం

వదిన పడింది.

జూన్ 23, ఆదివారం

బాల్కనీ కడిగిన నీళ్లు ఆరకముందే మొక్కల దగ్గరికి వెళ్లిందట. కుడిచెయ్యి నేలకి ఆనించి పడింది. మణికట్టు విరిగింది. మోచేతి దాకా సిమెంటు కట్టు. కత్తెర పట్టే చెయ్యి అది. వీధిలో సగం మంది బట్టలు ఆ చేతి కిందనుంచే వచ్చాయి. సూదిలో దారం ఎక్కించడానికి మూడు నెలలైనా పడుతుందన్నాడట డాక్టరు, ఎక్కిస్తే.

పొద్దున్నే ఎక్కి వెళ్లాను. మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. కోడలు నాకు కుర్చీ వేసింది. వదిన నావైపు చూడకుండా కట్టువైపు చూస్తూ అడిగింది.

"ఎంతిచ్చారు?"

"ఎవరు?"

"చెప్పుల వాళ్లు."

"నాకెవరిస్తారే? మతి పోయిందా నీకు? నచ్చాయి, చెప్పాను. అంతే."

"'మన కాళ్లకి' అన్నావు."

నేను నోరు తెరిచాను. మాట రాలేదు. మా రెండిళ్ల చరిత్రలో అదే మొదటిసారి.

"నీ నోటెంట ఎన్నడైనా ఆ మాట విన్నానా?" అంది వదిన. "'నా కాళ్లు, నా మోకాళ్లు, నా ఖర్మ' అంటావు. ఊళ్లో ఎవరి కాళ్లూ నీకు పట్టవు. పడ్డాక నేలమీద ఉండగానే గుర్తొచ్చింది. కోడలు వచ్చి లేపేదాకా అదే అనుకుంటూ పడున్నాను. ఆట నువ్వే నేర్పావు కదా."

"వదినా, ఒట్టు..."

"నాకు తల నొప్పిగా ఉంది. తలుపు దగ్గరగా వేసి వెళ్లు."

అదే రోజు, మధ్యాహ్నం

పిడుగుని పిలిచాను. పిలిచిన గొంతులోనే విషయం తెలిసినట్టుంది, వచ్చి ఎదురుగా నేలమీద కూర్చుంది.

"ఆ చెప్పుల బిల్లేదీ?"

తలొంచుకుంది. "వాళ్లే పంపారు అమ్మమ్మా. నీ వీడియో కోసం డబ్బు కూడా ఇచ్చారు. నా మొదటి కాంట్రాక్ట్ అది. అమ్మమ్మతో అయితే నమ్ముతారన్నారు," అంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నీకు అలా రాదు. స్క్రిప్ట్ చదివినట్టు చెప్తావు. కానీ అమ్మమ్మా, ఒక్క మాట. నీకు నచ్చాయా లేదా?"

"నచ్చాయి."

"నువ్వు చెప్పిందాంట్లో ఒక్క అక్షరం అబద్ధముందా?"

"లేదు."

"మరి తప్పెక్కడుంది?"

"ఆ తడినేల మాట..."

"వాళ్లు తీసెయ్యమన్నారు." ఏడ్చేసింది. "వదినమ్మమ్మ పడుతుందని నాకేం తెలుసు?"

ఎర్రసిరా పట్టుకుని ఇంతకాలం బతికాను. ఈ వాక్యంలో తప్పెక్కడుందో చూపించలేకపోయాను.

జూన్ 24

ఇంకా దొరకలేదు. ఉందని మాత్రం తెలుసు.

జూన్ 26, బుధవారం

దొరికింది. స్నానం చేస్తుండగా దొరికింది, చెప్పుల్లేకుండా.

పత్రికలో డబ్బు తీసుకుని వేసే వ్యాసం పైన "ప్రకటన" అని వెయ్యాలి. అది ఆవగింజంత అక్షరాల్లో వెయ్యమని ప్రకటనల మేనేజరు, కంటికి ఆనేంత వెయ్యమని నేను. రోజూ ఇదే కుస్తీ. ఆయన వాదన అచ్చం పిడుగుదే. "రాసిందంతా నిజమే కదండీ." నిజమేనయ్యా. కానీ ఆ మాట పైన ఉంటే చదివేవాడు ఒక అడుగు వెనక్కి వేసి చదువుతాడు. ఏది రాయకుండా వదిలేశారో వెతుక్కుంటాడు. ఆ మాట లేకపోతే స్నేహితుడి మాటలా నమ్మి అడుగేస్తాడు. తడినేల మీద కూడా వేస్తాడు.

పిడుగుని కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. విన్నది. "అంటే అబద్ధం మాటల్లో లేదు, మూతలో ఉంది," అంది. నేను చెప్పినదానికంటే బాగా చెప్పింది. ఆ సంగతి దానికి చెప్పలేదు.

ఇది రాస్తుంటే ఇంకొకటి కూడా తెలుస్తోంది. చెప్పులు ఉత్తినే రావని నాకు తెలియదా? బిల్లు లేని పెట్టె, మూడుసార్లు చెప్పించడం, "మన" అనిపించడం. వేరేవాళ్ల వీడియోలో ఇవే కనిపిస్తే మొదటి నిమిషంలోనే "కిరాయి" అని కేకేసి ఉండేదాన్ని.

జుట్టు బాగా పడింది మరి.

జూన్ 27, గురువారం

దువ్వెన, నూనెసీసా పట్టుకుని మేడెక్కాను. వదిన కోడలు పొద్దున్నే పనికి పోతుంది. వదిన వాళ్లాయనకి జడకీ తాడుకీ తేడా తెలియదు. ఒంటిచేత్తో తల దువ్వుకోలేక నాలుగు రోజులుగా జుట్టు పిచ్చుకగూడులా ఉందని కోడలు కిందికొచ్చి చెప్పింది.

వదిన నన్ను చూసింది. దువ్వెనని చూసింది. ఏమీ అనకుండా వీపు తిప్పింది. ఆ వీపు కోపానికా, జడకా అన్నది తేలలేదు. రెండింటికీ ఉన్నది ఒకటే వీపు.

అల్లాను. దిగి వచ్చాను. ఒక్క మాట లేదు.

జూన్ 28

జడ. మౌనం.

జూన్ 29, శనివారం

రెండో వీడియో కావాలట. ఒప్పందంలో రెండున్నాయట. చెప్పుల కంపెనీ వాళ్లు ఏం చెయ్యాలో వివరంగా రాసి పంపారు. పిడుగు నాకు చూపించకుండా దాచబోయింది. అమ్మాయి బయటపెట్టింది.

"అమ్మా, దాని మొదటి సంపాదన. ఇది చెయ్యకపోతే ఇంకెవరూ దానికి పని ఇవ్వరట. ఉద్యోగం కూడా వదిలేసి కూర్చుంది. ఒక్క వీడియో. నీ నోరు కాస్త అదుపులో పెట్టుకుని, వాళ్లు రాసింది రాసినట్టు చదివెయ్యవూ?"

"రాసింది రాసినట్టా?"

"అక్షరం పొల్లుపోకుండా."

"సరే," అన్నాను.

అమ్మాయి ఊపిరి పీల్చుకుంది. నేను కన్నపిల్ల. ఇన్నేళ్లుగా నాతో ఒకే ఇంట్లో ఉంటోంది. అయినా నమ్మింది. నాకే ఆశ్చర్యం వేసింది.

జులై 1, సోమవారం

కిటికీ పక్కన కుర్చీ. ఎదురుగా పిడుగు, ఫోను. నా చేతిలో కంపెనీ వాళ్ల కాగితం. కళ్లజోడు పెట్టుకుని, రేడియోలో వార్తలు చదివే గొంతుతో మొదలుపెట్టాను.

"'అమ్మమ్మ కిటికీ దగ్గర కూర్చుని ఉంటుంది.' కూర్చున్నాను. 'కెమెరా ఉన్న సంగతి ఆమెకు తెలియనట్టు ఉండాలి.' తెలియదు. 'చెప్పుల పేరు రెండుసార్లు సహజంగా రావాలి.' పేరు, పేరు. వచ్చేసింది. 'ఇక్కడ ఆశ్చర్యపోవాలి.' అబ్బా! 'ఇక్కడ గతం గుర్తొచ్చి కళ్లు చెమర్చాలి.' ఏ గతమో రాయలేదు. నాకు చాలా ఉన్నాయి. 'స్క్రిప్ట్ చదివినట్టు ఎంతమాత్రం అనిపించకూడదు.' ఇది ఆఖరు వాక్యం. అయిపోయింది."

పిడుగు చేతిలో ఫోను ఊగుతోంది. పెదవి కొరుక్కుంటోంది. నవ్వు ఆపుకోవడంలో అది వాళ్లమ్మ కాదు, నా పోలిక. ఆపుకోలేదు.

"ఇప్పుడు కాగితంలో లేనిది," అని లేచాను. చెంబెడు నీళ్లు నేలమీద పోశాను. చెప్పు ఒకటి దాని మీద పెట్టి వేలితో ఒక్క తోపు తోశాను. సోఫా కిందికి పడవలా పోయింది.

"ఇది ప్రకటన. దీనికి డబ్బు తీసుకున్నారు, మొదటిదానికీ తీసుకున్నారు. చెప్పులు మెత్తగా ఉంటాయి. తడినేల మీద జారతాయి. మొదటి వీడియోలో నేను రెండూ చెప్పాను, మీకు ఒకటే వినిపించింది. నా మాట నమ్మి మా వదిన మణికట్టు విరగ్గొట్టుకుంది. మా వదిన. మీ వదిన కాదు. మీ కాళ్ల సంగతి మీరు చూసుకోండి."

పిడుగు ఫోను దించింది. ఇప్పుడు నవ్వడం లేదు.

"ఎక్కడ కొయ్యను అమ్మమ్మా?"

"కాంట్రాక్టు నీది. నీ ఇష్టం."

అమ్మాయి వంటింటి గుమ్మంలో నిలబడి అంతా చూసింది. "అక్షరం పొల్లుపోకుండానే చదివావు," అంది, ఏడవాలో నవ్వాలో తెలియనట్టు. తర్వాత గుడ్డ తెచ్చి ఆ నీళ్లు తనే తుడిచింది.

జులై 3, బుధవారం

పిడుగు కొయ్యలేదు. రెండు రోజులు అటూ ఇటూ తిరిగింది, అన్నం సరిగ్గా తినలేదు. ఆఖరికి మొత్తం పెట్టేసింది. పైన "ప్రకటన" అని పెద్దక్షరాలు వేసింది, నా నుదురు పూర్తిగా కనిపించనంత పెద్దవి. ఇంతకాలం నేను పత్రికలో వేయించలేకపోయిన సైజు అది.

కంపెనీ నుంచి ఫోనొచ్చింది. స్పీకర్లో పెట్టింది. పాపం, చిన్న గొంతు, కుర్రాడే.

"మేడమ్, మీరు చేసింది ఒప్పందానికి విరుద్ధమండీ."

"కాగితంలో రాసిందంతా చదివాను కదా నాయనా. ఏ వాక్యం వదిలానో చెప్పు, మళ్లీ చదువుతాను."

"అది మీరు చదవడానికి రాసింది కాదండీ!"

"తెలుగులో రాసినదాన్ని చదవక ఏం చేస్తాను, ఉప్పులో వేస్తానా?"

ఒప్పందం పోయింది. పిడుగు మొహం చూడలేక నేను బాల్కనీలోకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి తన పాత ఆఫీసుకి ఫోను చేస్తోంది. "నమస్తే మేడమ్, బాగున్నారా," అంటోంది. ఆ గొంతులో కిరాయి లేదు. దానికే పని ఇస్తారో లేదో.

జులై 5, శుక్రవారం

నేను జవాబులివ్వడం మానేశాను. చదవడం మానలేదు.

"ఇదీ పెయిడే. కొత్త రకం."

"ఒప్పుకున్నట్టు నటించి అమ్మడం. బుర్రంటే ఇదీ."

"మామ్మకి నటనలో అవార్డు ఇవ్వాలి."

"ఆ నీళ్లు గ్రాఫిక్స్."

చెంబెడు నీళ్లకి గ్రాఫిక్స్ ఎందుకురా నాయనా, కుళాయి ఉంది కదా. డబ్బు తీసుకుని చెప్పిందేమో కడుపులోంచి వచ్చిందన్నారు. కడుపులోంచి వచ్చింది చెబితే డబ్బు తీసుకుందంటున్నారు.

సాయంత్రం పిడుగు గదిలోంచి వచ్చింది. "అమ్మమ్మా, అయిపోయాయి."

"ఏవి?"

"చెప్పులు. మొత్తం అమ్ముడుపోయాయట. ఆ కుర్రాడే ఫోను చేశాడు. ఇంకో పది వీడియోలు చేస్తారా అని అడిగాడు. నువ్వు తిట్టినా పర్వాలేదట, ఎంత తిడితే అంత మంచిదట."

నా తిట్లకి ఆఖరికి ధర పలికింది. అయితే నేనే తిట్టలేకపోయాను. ఆ కుర్రాడికి ఒక్క మాట కబురు పెట్టమన్నాను: ముందు ఆ చెప్పులకి జారని అడుగు వేయించమను. పిడుగు ఫోను చేసి ఆ మాటే చెప్పి, పది వీడియోలూ వద్దని పెట్టేసింది. నేను చెప్పమనలేదు.

జులై 6

వదిన కోడలు రెండో వీడియో వదినకి చూపించబోయిందట. వదిన సగంలోనే మొహం తిప్పుకుందట. "ఇది ఇంకో కంపెనీది అయ్యుంటుంది," అందట.

జడ అల్లాను. మౌనం.

జులై 8, సోమవారం

వీడియోతో చెబితే ఊరంతా విన్నది, మేడ మీదికి మాత్రం ఎక్కలేదు. కిందనుంచి పైకి పన్నెండు మెట్లు. ఆ మాటేదో నేనే మోసుకుని ఎక్కాలి.

పాయలు తీస్తూ, ఆవిడ వీపుతోనే మాట్లాడాను. మొహంతో అయితే నావల్ల అయ్యేది కాదు.

"డబ్బు సంగతి నాకు తెలియదు వదినా. పిల్ల తీసుకుంది. దాని సంగతి అదే చెప్పుకుంటుంది. నేను చెప్పుకోవాల్సింది వేరే ఉంది. అవి జారతాయని నాకు ముందే తెలుసు. నువ్వు కాళ్లు చాపి చూపించిన రోజు, చెప్పకుండా దిగిపోయాను. కింది మెట్టు మీద గుర్తొచ్చింది. మోకాలు నొప్పని ఎక్కలేదు. మర్నాడు నొప్పి లేదు. అప్పుడూ ఎక్కలేదు."

వీపు కదల్లేదు.

"ఎందుకు ఎక్కలేదు?"

ఇన్ని రోజుల్లో మొదటి మాట. దువ్వెన ఆగిపోయింది.

"నువ్వు అంత సంబరపడ్డావు. నేను చెబితే కొన్నానన్నావు. మళ్లీ వచ్చి వంక పెట్టడానికి మనసొప్పలేదు. నన్ను అంత గొప్పగా ఎవరైనా చూసి చాలాకాలమైంది."

వదిన ఎడంచేత్తో కట్టు సర్దుకుంది. తర్వాత అంది:

"చెప్పుల గురించి ఊరంతటికీ చెప్పావు. నాకు చెప్పాల్సింది చెప్పలేదు."

"లేదు."

"డబ్బు తీసుకుని ఉంటే ఇంకా నయం. దానికైనా ఒక కారణముండేది."

జడ సగంలో ఉంది. పూర్తి చెయ్యాలా, దిగిపోవాలా తెలియలేదు. రబ్బరుబ్యాండు లేక చివర పట్టుకుని నిలబడ్డాను. వదిన ఎడంచేతిని వెనక్కి పెట్టి, రబ్బరుబ్యాండు అందించింది. మొహం తిప్పలేదు.

జులై 9

జడ. మౌనం. కాకపోతే కుర్చీ ముందే జరిపి ఉంది, వెలుతురు పడేచోట.

జులై 10, బుధవారం

జడ పూర్తిచేసి ముందుకి వేశాను. వదిన ఎడంచేత్తో పట్టుకుని, గుడ్డని చూసినట్టు, కుట్టు సరిచూసినట్టు పైనుంచి కిందిదాకా చూసింది.

"ఇదేం జడే?"

"ఏమైంది?"

"ఒక పాయ లావు, ఒక పాయ సన్నం. మెడ దగ్గర బిగుతు, చివర వదులు. పాపిట వంకర. నూనె ఎక్కువై మెడంతా జిడ్డు. రోజూ భరిస్తున్నాను. నీ జడ చూడలేక కోడలే ఆఫీసునుంచి వచ్చి విప్పి మళ్లీ అల్లుతోంది, తెలుసా నీకు? మా ఆయన నిన్న చూసి ఏమన్నారో చెప్పనా?"

"చెప్పు."

"'పాపం, పడ్డ దెబ్బ తలకి కూడా తగిలిందా' అన్నారు."

నేను నవ్వలేదు. నవ్వితే ఆగదని తెలుసు. లోపలిగదిలో గురక లేదు. ఆయన మేలుకునే ఉన్నారు, వింటున్నారు.

"విప్పు," అంది వదిన. "మొత్తం విప్పు. మొదట్నుంచి వెయ్యి. ఇంతకాలం ఊళ్లోవాళ్ల తప్పులు దిద్దావు, నీ పని నువ్వొక్కసారి దిద్దుకో."

విప్పాను. మళ్లీ అల్లాను. అదీ బాగోలేదంది. మూడోసారి వేశాక ఊరుకుంది. బాగుందనలేదు.

తలుపు దాకా వచ్చాక వెనక నుంచి పిలిచింది. "ఆ దువ్వెన మార్చు. పళ్లు మరీ దగ్గర, మాడు రక్కుతోంది."

జులై 11

దువ్వెన కొనాలి. పళ్లు ఎడంగా ఉన్నది. పిడుగుని ఫోన్లో చూడనివ్వను, షాపుకెళ్లి చేత్తో తడిమి కొంటాను.